ఫోనుకు నిద్ర పట్టనివ్వని బటను

"రాత్రి ఫుల్లు ఛార్జింగ్ పెట్టీసి పడుకున్నానండి, తెల్లారీసరికి సగం దిగిపోనాది." శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా ఫోను రిపేరు షాపుల్లో ఈ మాట వినబడని రోజు ఉండదు. దానికి వచ్చే జవాబు కూడా చాలాసార్లు ఒకటే: బ్యాటరీ పోయింది, కొత్తది వేద్దాం. కొత్తది వేశాక నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మొదటికే వస్తుంది. బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు ఫోను పక్కనున్న పవర్ బటన్ను, వాల్యూమ్ బటన్లను ఒకటి రెండు రాత్రులు అనుమానించి చూడండి. పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. బటను ఇరుక్కుంటే అందులోంచి కరెంటు కారిపోతుందని చాలామంది అనుకుంటారు, కొందరు మెకానిక్కులు కూడా. లెక్క వేసి చూద్దాం. బటను లైనులో ఉండేది సాధారణంగా 1.8 వోల్టులు. బటను నొక్కనప్పుడు ఆ వోల్టేజీ పడిపోకుండా పట్టి ఉంచే రెసిస్టరు 100 కిలో ఓమ్‌లు అనుకుంటే, బటను రోజంతా నొక్కుకుపోయి ఉన్నా పారే కరెంటు 18 మైక్రో ఆంపియర్లు. 24 గంటలకు 0.43 మిల్లీ ఆంపియర్ అవర్. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో అది ఒక శాతంలో వందో వంతు కూడా కాదు. కాబట్టి బటను తినేది ఏమీ లేదు. అది చేసే నష్టమల్లా ఫోనును నిద్ర పోనివ్వకపోవడం.

స్క్రీను ఆరిపోయి కాసేపయ్యాక ఫోను గాఢనిద్రలోకి వెళ్తుంది. ప్రాసెసరు దాదాపు ఆగిపోతుంది. మేలుకుని ఉండేవి నెట్‌వర్క్ చూసుకునే మోడెమ్, గడియారం, కరెంటు పంపకం చూసుకునే చిప్పు పవర్ ఐసీ లాంటి కొన్నే. ఆ స్థితిలో ఖర్చు గంటకు 20 మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టుపక్కల ఉంటుందనుకుందాం. ఎనిమిది గంటల రాత్రికి 160, అంటే మూడు శాతం. బటను నొక్కినప్పుడల్లా పవర్ ఐసీ ప్రాసెసరును తట్టి లేపుతుంది, ఎందుకంటే దాని పనే అది. మనం నొక్కామా, లోపల తేమ నొక్కిందా అన్నది దానికి తెలియదు. స్క్రీను చీకటిగానే ఉండి ప్రాసెసరు ఒక్కటే మేలుకుని ఉంటే 150 మిల్లీ ఆంపియర్లు లాగొచ్చు, రాత్రికి 24 శాతం. స్క్రీను కూడా వెలుగుతూ ఉంటే 300, రాత్రికి 48 శాతం. ఫోనును బట్టి ఈ అంకెలు మారతాయి, కానీ నిద్రకూ మెలకువకూ ఉన్న తేడా ఇంత పెద్దదని గుర్తుంటే చాలు. "సగం దిగిపోనాది" అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పవర్ బటను పాడైతే పట్టుకోవడం సులువు. ఎవరూ ముట్టుకోకుండానే స్క్రీను వెలుగుతుంది, ఆరుతుంది. పవర్ ఆఫ్, రీస్టార్ట్ అని అడిగే మెనూ దానంతట అదే వస్తుంది. రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునే సెట్టింగ్ ఉంటే జేబులోనే కెమెరా తెరుచుకుని ఫోను వేడెక్కుతుంది. బటను పూర్తిగా అతుక్కుపోతే పది పన్నెండు సెకన్లు ఆగి పవర్ ఐసీయే ఫోనును బలవంతంగా రీస్టార్ట్ చేస్తుంది. లోగో వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని ఫ్లాష్ చేయిస్తారు, అంటే సాఫ్ట్‌వేర్ మళ్ళీ కొత్తగా ఎక్కిస్తారు. ఫొటోలు, నంబర్లు పోతాయి, లోగో మాత్రం వస్తూ పోతూనే ఉంటుంది.

వాల్యూమ్ బటను అలా బయటపడదు. చాలా ఫోన్లలో అది స్క్రీనును వెలిగించదు, కానీ లోపల ప్రాసెసరును లేపుతుంది. ఫోను బల్ల మీద నల్లగా, నిశ్శబ్దంగా పడుంటుంది, ఛార్జింగ్ మాత్రం దిగుతూ ఉంటుంది. దీనికి గుర్తులు వేరు. ఫోను మోగడం మొదలవగానే ఎవరో నొక్కినట్టు గొంతు ఆగిపోతుంది. రింగు శబ్దం ఎంత పెంచి పెట్టినా మర్నాటికి సున్నాలో ఉంటుంది. పవర్ బటను నొక్కినప్పుడల్లా స్క్రీన్‌షాట్ పడుతుంది, ఎందుకంటే వాల్యూమ్ తగ్గించే బటను అప్పటికే నొక్కి ఉంది. ఫోను రీస్టార్ట్ చేస్తే చాలా మోడళ్ళు సేఫ్ మోడ్‌లోకి పోతాయి, రెడ్‌మీ అయితే సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వాడే ఫాస్ట్‌బూట్ తెర దగ్గర నిలబడిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా బ్యాటరీ మాట పక్కన పెట్టండి.

పవర్ బటను విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోనులో అత్యవసర కాల్ సౌకర్యం ఉండాలని నిబంధన. స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్ను మూడుసార్లు వరసగా నొక్కితే కాల్ వెళ్ళేలా పెట్టవచ్చని అందులోనే ఉంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదుసార్లు నొక్కే ఎస్ఓఎస్ కూడా ఉంది. దడదడలాడే బటను అర్ధరాత్రి 112కు కాల్ చేసేస్తుంది. నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళ కాల్ అక్కడ ఆగుతుంది. బటను బాగయ్యే దాకా సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆపి ఉంచండి, బాగయ్యాక మరిచిపోకుండా తిరిగి పెట్టండి.

ఇక పరీక్ష. రాత్రి పది గంటలకు ఛార్జింగ్ 80 దాటి ఉండేలా చూసి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, పౌచ్ తీసేసి, ఫోనును వెల్లకిలా బల్ల మీద పెట్టండి. దిండు కింద వద్దు, పరుపు మీద వద్దు, పక్కలు దేనికీ ఆనకూడదు. శాతం కాగితం మీద రాసుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఎందుకంటే మందస కొండల వైపు లాంటి చోట్ల సిగ్నల్ అందక మోడెమ్ ఎక్కువ శక్తితో టవరును వెతుకుతుంది, అదొక్కటే రాత్రికి చాలా ఛార్జింగ్ తింటుంది. ఆ అనుమానం ముందే తొలగిపోవాలి. పొద్దున్న ఆరింటికి మూడు నాలుగు శాతం మాత్రమే దిగితే ఫోను ఆరోగ్యంగా నిద్రపోయింది. మర్నాడు రాత్రి మిగతాదంతా అలాగే ఉంచి పౌచ్ మాత్రం తొడగండి. ఈసారి 20 దిగితే దొంగ పౌచే. చవక పౌచ్‌లో బటను దగ్గర లోపలివైపు ఒక బొడిపె ఉంటుంది. కొన్నాళ్ళకు పౌచ్ వంకరపోయి ఆ బొడిపె బటన్ను సగం నొక్కి ఉంచుతుంది. ఇలాంటి కేసులు తక్కువేమీ కాదు.

పౌచ్ లేకుండా కూడా దిగిందంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరవండి. మీరు నిద్రపోయిన గంటల్లో స్క్రీను మూడు గంటలు వెలిగినట్టు చూపిస్తే పవర్ బటనే. స్క్రీను లెక్క సున్నా ఉండి గ్రాఫు మాత్రం జారుబండలా దిగి ఉంటే వాల్యూమ్ బటను కావచ్చు, ఏదో యాప్ కూడా కావచ్చు. రెంటినీ విడదీయడానికి మూడో రాత్రి సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. సేఫ్ మోడ్‌లో దిగడం ఆగితే యాప్, ఆగకపోతే బటన్ల మీద అనుమానం గట్టిపడుతుంది.

కంప్యూటరు ఉన్నవాళ్ళకు దీనికంటే పక్కా దారి ఉంది. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి, కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే ఏడీబీ అనే టూల్‌లో గెట్‌ఈవెంట్ అనే ఆదేశాన్ని ఎల్ ఆప్షన్‌తో నడపండి. బటను నొక్కినప్పుడల్లా దాని పేరు, పక్కన డౌన్ అనో అప్ అనో తెర మీద పడుతుంది. చేయి తియ్యండి. ఎవరూ ముట్టకుండా వాల్యూమ్ డౌన్ అని వరసలు పడుతుంటే ఇక వాదనే లేదు. కంప్యూటరు లేకపోతే షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో డయలరులో *#*#6484#*#* కొడితే హార్డ్‌వేర్ పరీక్షల మెనూ వస్తుంది, అందులో కీ టెస్ట్ ఉంటుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ జబ్బుకు కారణాలు చాలాచోట్ల గాలిలోనే, చేసే పనిలోనే ఉన్నాయి. బటను కింద ఉండేది పొంగిన చిన్న స్టీలు బిళ్ళ, దాన్ని డోమ్ అంటారు. నొక్కితే అణిగి మధ్యనున్న రాగి చుక్కను తాకుతుంది, వదిలితే టిక్కుమని లేస్తుంది. ఆ బిళ్ళకూ రాగికీ మధ్య ఖాళీ వెంట్రుకంత. అందులోకి ఏం చేరిందన్నదే ప్రశ్న.

కళింగపట్నం, భావనపాడు, బారువ తీరంలో, విజయనగరం వైపు ముక్కాం, చింతపల్లి పల్లెల్లో, నౌపడ ఉప్పు మడుల దగ్గర అయితే ఉప్పే చేరుతుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీటిని పీల్చుకుని తడిసిపోతుంది. ఎండిన ఉప్పు కరెంటును పోనివ్వదు, తడిసిన ఉప్పు పోనిస్తుంది. అందుకే ఫోను పగలు ఎండలో బాగుంటుంది, తెల్లవారుజామున, ముసురు రోజుల్లో పిచ్చి పట్టినట్టు చేస్తుంది. షాపుకు తీసుకెళ్తే అక్కడ ఫ్యాను కింద ఏమీ ఉండదు, "బాగానే ఉంది కదా" అంటారు. వాళ్ళ తప్పు కాదు. రాత్రి పూట వీడియో తీసి చూపించండి. ఫోను స్విచ్ఛాఫ్ చేసినా పవర్ బటను లైనులో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది, లేకపోతే ఆ బటనుతో ఆన్ చేయడం ఎలా? ఆ వోల్టేజీకి తడి ఉప్పు తోడైతే రాగి పచ్చగా చిలుము పట్టి తినేయబడుతుంది. సముద్రపు నీటిలో పడ్డ ఫోనును "ఆఫ్ చేసి బియ్యంలో పెట్టాం" అంటే సరిపోనిది ఇందుకే. బ్యాటరీ కనెక్టరు ఊడదీస్తేనే ఆ తినడం ఆగుతుంది.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పని చేసేవాళ్ళ ఫోన్లలో కథ వేరు. జీడి పెంకు నూనె చేతికంటి, అక్కడి నుంచి బటను అంచుకు అంటుతుంది. జిగురుగా నల్లబడి దుమ్మును పట్టి ఉంచుతుంది, బటను నొక్కితే లోపలికి వెళ్ళి పైకి రావడానికి బద్ధకిస్తుంది. నెల్లిమర్ల లాంటి జూట్ మిల్లు ఊళ్ళలో సన్నని పీచు బటను చుట్టూ చేరి చాప అల్లినట్టు బిగుసుకుంటుంది. టెక్కలి గ్రానైటు పొడి అన్నిటికంటే చెడ్డది. అది గట్టి రేణువు, నొక్కిన ప్రతిసారీ డోమ్‌ను, కింది రాగిని గీస్తుంది. పీచునూ జిగురునూ శుభ్రం చేయొచ్చు, గీతను చేయలేం.

శుభ్రం చేయడానికి కావాల్సింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. ఇంకా మెత్తని పాత టూత్‌బ్రష్, సన్నని సూది ఉన్న ఇన్సులిన్ సిరంజి. శానిటైజరు వద్దు, అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి, ఆల్కహాల్ ఆరిపోయాక అవి మిగులుతాయి. కొబ్బరి నూనె, కుట్టు మిషను నూనె అసలే వద్దు. ఆ రోజు బటను జారినట్టుంటుంది, వారానికి దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. ఫోను ఆపి, సిమ్ ట్రే తీసి, ముందు పొడి బ్రష్షుతో బటను చుట్టూ దులపండి. తర్వాత బటన్లున్న అంచు కిందికి వచ్చేలా ఏటవాలుగా పట్టుకోండి, కరిగిన మురికి లోపలికి కాక బయటికి కారాలి. అంచు సందులో రెండు మూడు చుక్కలు వేసి యాభై సార్లు నొక్కి వదలండి. మెత్తని గుడ్డతో తుడిచి, ఇంకో రెండు చుక్కలు, మళ్ళీ యాభై. మైకు రంధ్రం, స్పీకరు జాలీ దగ్గరికి చుక్క పోనివ్వకండి. అరగంట ఫ్యాను గాలికి ఆరనిచ్చాకే ఆన్ చేయండి. వేలికి "టిక్కు" స్పష్టంగా తెలిస్తే మంచిది. మెత్తగా, బురదలో నొక్కినట్టు ఉంటే డోమ్ అలసిపోయింది, శుభ్రం చేసి లాభం లేదు.

అప్పుడు స్ట్రిప్ మార్చాలి. పవర్, వాల్యూమ్ బటన్ల డోమ్‌లున్న సన్నని పట్టీనే స్ట్రిప్ అంటారు. మామూలు మోడళ్ళకు దాని ధర కంటే విప్పి బిగించే కూలీయే ఎక్కువ. వారంటీ ఉంటే విప్పకుండా కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్ళండి. వెనక మూత ఉబ్బి ఉంటే ఆగండి, బ్యాటరీ ఉబ్బి లోపల నుంచి స్ట్రిప్‌ను తోస్తూ ఉండొచ్చు. అలాంటి బ్యాటరీని గుచ్చడం, వంచడం, వేడి చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, దాన్ని చేయి తిరిగిన మెకానిక్కే తీయాలి.

విప్పే ముందు ఛార్జింగ్ 25 శాతం లోపుకు దించండి. ప్లాస్టిక్ మూత అయితే సిమ్ ట్రే తీసిన సందు నుంచి పలుచని ఓపెనరుతో గుబ్బలు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి. గాజు మూత అయితే అంచుల వెంట 80 డిగ్రీల దాకా వేడి చేసి, బ్యాటరీ ఉన్న మధ్య భాగం మీద వేడి నిలపకుండా తీయాలి. వేలిముద్ర సెన్సారు వెనక ఉన్న ఫోన్లలో మూతకూ బోర్డుకూ మధ్య సన్నని పట్టీ ఉంటుంది, ఒక్క ఊపున లాగితే అది తెగుతుంది. స్క్రూలు తీసిన చోటు ప్రకారం కాగితం మీద గీసుకుని పెట్టుకోండి. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగు స్క్రూ బిగిస్తే బోర్డులోని తీగలు తెగుతాయి, దానికి మందు లేదు. అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీయండి, ఆ తర్వాతే స్ట్రిప్ ముట్టండి.

పాత స్ట్రిప్‌ను మల్టీమీటరుతో కొలిచేటప్పుడు చాలామంది బజర్ మోడ్ పెడతారు. అక్కడే పొరపాటు. బజరు కొద్ది ఓమ్‌ల షార్టుకే మోగుతుంది, తేమ, చిలుము చేసే లీకు దానికి దొరకదు. 2 మెగా ఓమ్‌ల రేంజి పెట్టండి. నొక్కనప్పుడు మీటరు ఓఎల్ (కొలతకు అందనంత ఎక్కువ అని) చూపాలి, నొక్కితే సున్నాకు దగ్గరగా రావాలి. నొక్కకుండానే 100 కిలో ఓమ్‌లు, 300 కిలో ఓమ్‌లు అని అంకె కనబడి అటూ ఇటూ ఊగుతుంటే లీకు దొరికినట్టే. ముందు చెప్పిన 100 కిలో ఓమ్‌ల రెసిస్టరుకు ఎదురుగా లీకు కూడా 100 అయితే లైనులో 1.8 పోయి 0.9 మిగులుతుంది. నొక్కినట్టా, నొక్కనట్టా తేలని చోటు అది. తేమ కొంచెం అటూ ఇటూ అయితే చాలు, బటను పదేపదే నొక్కినట్టు లెక్కలోకి వస్తుంది. కొలిచేటప్పుడు రెండు ప్రోబుల మొనలనూ వేళ్ళతో పట్టుకోకండి, ఈ రేంజిలో మీ ఒంటి నిరోధకమే అంకెగా కనబడుతుంది.

స్ట్రిప్ ఊడదీసినా బోర్డు వైపు ఆ లైను గ్రౌండుకు షార్టు చూపిస్తే లోపం స్ట్రిప్‌లో లేదు. కనెక్టరు పక్కన ఆవగింజలో సగం ఉండే ఈఎస్‌డీ డయోడ్ ఉంటుంది. వేలి నుంచి వచ్చే స్థిర విద్యుత్తును భూమికి దించడం దాని పని. అది చెడితే లైనును ఎప్పుడూ కిందికి లాగి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే బటను పని చేస్తుంది. రక్షణ తగ్గుతుంది కాబట్టి కొత్తది దొరికితే వేయడమే మేలు. ఇది మైక్రోస్కోపు ఉన్న మెకానిక్కు పని, ఇంట్లో వద్దు.

కొత్త స్ట్రిప్ వేసేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది దాని వెనక ఉండే సన్నని లోహపు పట్టీ దగ్గర. అది గాడిలో పూర్తిగా కూర్చోకపోతే డోమ్ బటనుకు ఆనుకుని ఎప్పుడూ సగం నొక్కి ఉంటుంది. కొత్త స్ట్రిప్‌తో పాత జబ్బు. బటను వేలికి కొద్దిగా కదలాలి, ఆ కాస్త వదులు ఉండాలి. పవర్ బటనులోనే వేలిముద్ర సెన్సారు ఉన్న ఫోన్లలో సెన్సారు వేరు, దాని కింద డోమ్ వేరు. డోమ్ ఒక్కటే చెడితే సెన్సారు జోలికి పోవద్దని ముందే చెప్పండి.

జిగురు గురించి గట్టిగా చెప్పాలి. మూత అతికించడానికి వాడే బీ-7000 అంచులో ఎక్కువ పెడితే పొంగి బటను సందులోకి దిగుతుంది, ఆరి బటన్ను పట్టేస్తుంది. డిస్‌ప్లే మార్పించిన వారం తర్వాత ఛార్జింగ్ దిగడం మొదలైతే మొదట చూడాల్సింది ఇదే. అగ్గిపుల్ల మందం కంటే సన్నని గీత చాలు, బటన్ల దగ్గర ఇంకా సన్నగా. రబ్బరు బ్యాండ్లు వేసేటప్పుడు బటన్ల మీద పడకుండా చూడాలి. నాలుగు గంటలకు పట్టు వస్తుంది, పూర్తిగా గట్టిపడడానికి ఒకటి రెండు రోజులు.

నేనైతే జిగురు పెట్టక ముందే పరీక్ష పెట్టమంటాను. షాపులో డీసీ సప్లయి (ఫోనుకు కరెంటు ఇస్తూ, అది ఎంత లాగుతోందో ముల్లుతో చూపే పెట్టె) ఉంటే బ్యాటరీ బదులు దాన్ని కలిపి చూడమనండి. ఫోను ఆఫ్‌లో ఉండగా ముల్లు సున్నా మీద నిలవాలి. సప్లయి కలపగానే ఎవరూ నొక్కకుండా ఫోను ఆన్ అయితే పవర్ లైను ఇంకా నొక్కే ఉంది. ఆన్ చేసి స్క్రీను ఆర్పాక రెండు మూడు నిమిషాలకు ముల్లు కిందికి దిగి అక్కడే ఉండాలి, మధ్యమధ్య చిన్నగా కదిలితే ఫర్వాలేదు. ప్రతి రెండు సెకన్లకూ ఎగురుతుంటే మూత మూయొద్దు.

వెంటనే రిపేరు కుదరకపోతే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి యాక్సెసిబిలిటీ మెనూ పెట్టుకోండి, లాక్, వాల్యూమ్, రీస్టార్ట్ అన్నీ తెర మీదే దొరుకుతాయి. ఐఫోనులో దాని పేరు అసిస్టివ్ టచ్. పవర్ బటను రెండుసార్లు నొక్కితే కెమెరా, అదిమి పట్టుకుంటే అసిస్టెంట్, నొక్కితే కాల్ కట్ అయ్యే సెట్టింగులు ఆపండి. వీటితో తప్పుడు పనులు తగ్గుతాయి గానీ ఛార్జింగ్ దిగడం ఆగదు, ఎందుకంటే ఏ యాప్ అయినా ఫోను మేలుకున్న తర్వాతే కదా అడ్డుపడేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా కరెంటు రోజుల తరబడి లేని పరిస్థితి వస్తే, ఇలాంటి ఫోనును రాత్రి ఆఫ్ చేసి మిగిల్చుకుందామన్నా కుదరకపోవచ్చు, పవర్ బటను దాన్ని మళ్ళీ ఆన్ చేసేస్తుంది. తుపానుల కాలం అక్టోబరు, నవంబరు రాకముందే ఈ పని చేయించుకోండి.

రిపేరు అయిన రాత్రి మళ్ళీ అదే పరీక్ష: పదింటికి శాతం రాసుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్, పౌచ్ లేకుండా. పొద్దున్నకు నాలుగు శాతం లోపు దిగితే రెండో రాత్రి పౌచ్‌తో చూడండి. పది దాటితే అదే రోజు షాపుకు తీసుకెళ్ళి ఆ రెండు అంకెలూ రాసిన కాగితం ముందు పెట్టండి, స్ట్రిప్ వెనక లోహపు పట్టీ విప్పి చూడమని అడగండి.